వంతుల చక్రము

జపాను దేశపు ప్రాథమిక పాఠశాలలో బాలుడు ఉదయమున మొదట చేయు పని జోళ్ళు విప్పుట. వాకిలి చెంత చిన్న చిన్న అరలు గల బీరువా యొకటి యుండును. దానిని 'గెతబాకో' యందురు. వీధిలో తిరిగిన జోళ్ళను అందుంచి, 'ఉవాబాకి' యను తేలిక జోళ్ళను తొడిగికొనిన పిదపనే అతడు లోపల అడుగిడును. గడప యొద్ద చెప్పులు విడుచుట తెలుగువారికి క్రొత్త గాదు.

క్రొత్తయైన సంగతి మధ్యాహ్నమున కానవచ్చును. కొందరు పిల్లలు తెల్లని అంగీలు, టోపీలు ధరించి, ముక్కునకు నోటికి అడ్డముగా గుడ్డ కట్టుకొని, అన్నమో రొట్టెయో, చారు, కూరలు, పాలు మోసికొని వచ్చి తోడివారికి వడ్డింతురు. ఉపాధ్యాయుడును ఆ గదిలోనే, ఆ భోజనమే చేయును. యుద్ధానంతరపు ఆకలి దినములలో విస్తరించిన ఈ ఏర్పాటునకు 1954లో ప్రత్యేక శాసనము చేయబడినది.

పిదప శుభ్రపరచు వేళ. బల్లలన్నియు ఒక ప్రక్కకు జరుగును. కొందరు చీపుళ్ళు పట్టుదురు. కొందరు తడిగుడ్డపై రెండు చేతులు మోపి, నడుము వంచి, వసారా ఈ కొననుండి ఆ కొనకు పరుగెత్తుచు నేల తుడుతురు. ఎవరు ముందు చేరుదురో యను పందెమును లేకపోలేదు! అనేక పాఠశాలలలో మరుగుదొడ్లు కడుగుటయు పిల్లల పనియే. అచ్చట పనివారు అసలే లేరని కొందరు చెప్పుదురు. అది నిజము కాదు. మరమ్మతులు మొదలగునవి చూచువారు కలరు. అయినను తాము కూర్చుండు గదిని పిల్లలే ఊడ్చుకొనవలయును.

చదువుకొన వచ్చిన బిడ్డ చేతికి చీపురిచ్చుట తగునా యని ఆక్షేపించువారు కలరు. ఊడ్చుట తక్కువవారి పని యను తలంపు ఆ ఆక్షేపణ వెనుక దాగియున్నది. మురికి చేయువారిని, దానిని ఎత్తువారిని పుట్టుకనుబట్టియే విభజించిన భారతదేశమున ఆ తలంపు మరింత లోతుగా పాతుకొన్నది. ఇచ్చటి కొన్ని బడులలో పిల్లలచే ఊడ్పించుట లేకపోలేదు. కాని అణగారిన కులముల పిల్లలకే ఆ పని చెప్పుట కలదు. అది శిక్షణ గాదు, అవమానము.

కావున జపాను పద్ధతిలోని మేలు చీపురునందు లేదు, వంతునందున్నది. తరగతి గోడకు వంతుల పట్టిక వ్రేలాడును. కొన్ని గదులలో అది గుండ్రని అట్టచక్రము. దానిని త్రిప్పిన కొలది పేర్లకెదురుగా పనులు మారుచుండును. నేడు వడ్డించినవాడు రేపు దొడ్డి కడుగును. వైద్యుని కుమారునకును మినహాయింపు లేదు.

2018లో రష్యాలో జరిగిన ప్రపంచ ఫుట్‌బాల్ పోటీలలో జపాను ప్రేక్షకులు ఆట ముగిసిన పిమ్మట తమ చుట్టునున్న చెత్తను సంచులకెత్తగా లోకము విస్తుపోయినది. బాల్యమునుండి ఆ చక్రము క్రింద పెరిగినవారికి అది వింత గాదు.

ఇట్లని ఆ దేశమున భేదములే లేవని భ్రమపడరాదు. చర్మకారులు మొదలగువారిని అచ్చటను తరతరములుగా వెలివేసిరి. 1871లో ప్రభుత్వము శాసనముచే ఆ భేదమును రద్దు చేసినను, పెండ్లిండ్లలోను ఉద్యోగములలోను వారిపట్ల చిన్నచూపు చాలకాలము వీడలేదు. పాఠశాలలో తిరుగు అట్టచక్రము పెద్దల మనస్సులను అంత సులభముగా త్రిప్పజాలలేదు.