కథను ముక్కలు చేసి అమ్మొద్దు, కొనొద్దు
ఒహాయోలోని డబ్లిన్, పావెల్, హిలియార్డ్ తెలుగువాళ్లకు విజ్ఞప్తి

మొన్న మన డబ్లిన్‌లో ఒక ఇంటి సామాను అమ్మకంలో ఏం జరిగిందో మీలో చాలామందికి తెలుసు. మజెప్పా పటాలు నాలుగు. 1846లో న్యూయార్క్‌లో నథానియల్ కరియర్ అచ్చువేసి, చేత్తో రంగులద్దించిన లితోగ్రాఫులు. కోసాకు వీరుడు మజెప్పాను అడవి గుర్రానికి కట్టి తోలేసిన కథ ఆ నాలుగింట్లో వరసగా నడుస్తుంది. నాలుగూ నలుగురి పాలయ్యాయి. అందులో ఇద్దరు మనవాళ్లే! ఒకాయన అప్పుడే ఫ్రేము కూడా కట్టించాడు. కింద ఉన్న ఇంగ్లీషు కవి బైరన్ పద్యపాదాలూ, పటం అంకే అట్ట చాటుకు పోయాయి. ఇక అది ఎవరో గుర్రమెక్కిన మనిషి బొమ్మ, అంతే.

చేర్యాల పటాలకు పట్టిన గతి మరిచిపోయామా? ఖాదీ గుడ్డకు చింతగింజల అంబలి పట్టించి, ఎర్రటి నేల మీద మూరలకొద్దీ కథ రాశారు నకాషీలు. కూనపులివాళ్లు పద్మశాలీలకు, కాకిపడగలవాళ్లు ముదిరాజులకు ఆ పటం విప్పి రాత్రుళ్లు కథ చెప్పారు. పటం చివికిపోతే కర్మకాండ జరిపి ఏట్లో కలిపేవాళ్లు. కత్తెర పెట్టింది దళారులు. ఆ ముక్కలే గృహప్రవేశాల్లో మన గోడలెక్కుతున్నాయి. ఏ కథలోదండీ అంటే ఇంటాయన నవ్వి ఊరుకుంటాడు. సిగ్గుపడాల్సిన నవ్వు అది.

మజెప్పా రష్యా జారు మీద తిరగబడ్డ 1708లోనే మన సర్వాయి పాపన్న ఓరుగల్లు కొల్లగొట్టాడు. పాపన్న తల నరికి ఢిల్లీకి పంపారు. పాటగాళ్లు కథంతా పాడబట్టి మనకు మిగిలాడు. ముక్క ముక్కగా పాడుంటే మిగిలేవాడా?

"డబ్బు పెట్టి కొన్నాం, మా ఇష్టం" అనేవాళ్లతో వాదన అనవసరం. ధర ఎక్కువంటారా, నలుగురు కలిసి కొనండి. కారు బేరమాడినంత సేపు పట్టదు. మ్యూజియాలు చూసుకుంటాయిలే అనేవాళ్లు ఏ మ్యూజియానికైనా ఒక్క ఉత్తరం రాశారా?

సెట్టు విడగొట్టి అమ్ముతుంటే కొనకండి. అమ్మక తప్పకపోతే ముందు అన్నీ వరసలో, అంకెలూ అక్షరాలూ కనబడేలా స్కాన్ చేయించి లైబ్రరీకి ఒక ప్రతి ఇవ్వండి. ఎండపడే గోడకు తగిలించకండి.

వచ్చే ఆదివారం డబ్లిన్ లైబ్రరీకి మీ ఇంట్లో పాత పటాలు, ముక్కలైనా సరే, పట్టుకురండి. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నల్ని కూడా తీసుకురండి. ఏ ముక్క ఏ కథలోదో చెప్పగలిగేది వాళ్లే.