గొర్రెలు వచ్చాయి, హీరో రాలేదు

2021 అక్టోబర్. వర్క్ ఫ్రమ్ హోమ్ పుణ్యమా అని నేను వాడపల్లిలోనే ఉన్నా. పగలంతా మేడ మీద గదిలో ఆఫీస్ కాల్స్, సాయంత్రం గోదావరి గట్టు మీద షికారు, శనివారం వస్తే వెంకన్న గుడికి ఏడు వారాల మొక్కు వాళ్ల సందడి. లైఫ్ ఇలా వెళ్లిపోతే బావుణ్ణు అనుకుంటుంటే బాబాయ్ ఫోన్ చేశాడు.

మా బాబాయ్ దగ్గర్లోని ఒక టౌన్‌లో థియేటర్ లీజుకి తీసుకుని నడుపుతున్నాడు.

"ఒరేయ్ చిన్నా, శుక్రవారం 'కొండపొలం' పడుతోంది. నువ్వు ఆ పుస్తకం చదివానన్నావు కదా. జనాన్ని ఎలా రప్పించాలో చెప్పు. నా దగ్గర రెండు వేలున్నాయ్."

రెండు కోట్లు కాదు, రెండు వేలు. పబ్లిసిటీ బడ్జెట్ మొత్తం అదే.

తెలియని వాళ్ల కోసం: 'కొండపొలం' సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి గారి నవల. తానా నవలల పోటీలో బహుమతి వచ్చింది. కరువొచ్చి ఊళ్లో మేత, నీళ్లు లేనప్పుడు కడప వైపు గొర్రెల కాపరులు మందల్ని తోలుకుని నల్లమల అడవిలోకి వెళ్తారు. వాళ్లతో పాటు వెళ్లిన ఒక చదువుకున్న కుర్రాడి కథ ఇది. క్రిష్ దర్శకత్వంలో వైష్ణవ్ తేజ్ హీరోగా సినిమా తీశారు. అక్టోబర్ 8న రిలీజ్.

ఇక్కడే వచ్చింది చిక్కు. నీళ్ల కోసం అడవికెళ్లే కథ, చుట్టూ కాలవలున్న కోనసీమోడికి ఏం ఎక్కుతుంది? పైగా టైమ్ లేదు. 14న 'మహాసముద్రం', 15న దసరాకి మరో రెండు సినిమాలు దిగుతున్నాయి. కరోనా రూల్ ప్రకారం అప్పటికి సగం సీట్లే అమ్మాలి. 14 నుంచే ఫుల్ సీట్లు. అంటే బాబాయ్‌కి ఉన్నది ఆరు రోజులు, అర థియేటర్.

నేను ఇంజినీర్ని కదా, డేటాతో మొదలెట్టా. ముప్పై సెకన్ల రీల్ చేసి, పదిహేను వందలు పెట్టి బూస్ట్ చేశా. శుక్రవారం మధ్యాహ్నానికి పన్నెండు వేల వ్యూస్! బాబాయ్‌కి స్క్రీన్‌షాట్ పంపితే ఒకటే అడిగాడు. "ఇందులో టికెట్ కొన్నోళ్లు ఎంతమంది?" బుకింగ్‌లో కూర్చునే కుర్రాడు వచ్చిన ప్రతివాళ్లనీ అడిగి లెక్క రాశాడు. రీల్ చూసి వచ్చినవాళ్లు ఆరుగురు. అందులో ఇద్దరు నా ఫ్రెండ్సే.

అప్పుడు నాకొక దరిద్రపు ఐడియా వచ్చింది. వాట్సాప్ స్టేటస్‌లో ఇలా పెట్టా: "శనివారం ఫస్ట్ షోకి స్పెషల్ గెస్ట్. ఎవరో గెస్ చేయండి!" హీరో వస్తున్నాడని నేనెక్కడా రాయలేదు. రాయనక్కర్లేదు కూడా. రెండు గ్రూపులు దాటేసరికి "గెస్ట్" కాస్తా "హీరో" అయిపోయింది. నాకు తెలుసు. తెలిసీ డిలీట్ చెయ్యలేదు. బాబాయ్‌కి మాత్రం ఏమీ చెప్పలేదు.

శనివారం అమ్మాల్సిన సీట్లన్నీ నిండాయి. బాబాయ్ మొహం వెలిగిపోయింది. ఇంటర్వెల్ వరకే. ఆ తర్వాత ఈలలు, "గెస్ట్ ఏడండీ?" అని కేకలు. నేను ప్రొజెక్టర్ రూమ్ పక్కన దాక్కున్నా.

ఒక పదేళ్ల పాప, వాళ్ల మామ్మతో కలిసి లంక నుంచి ఆటోలో వచ్చింది. చేతిలో డ్రాయింగ్ షీట్. హీరో బొమ్మ గీసుకొచ్చింది, సంతకం పెట్టించుకుందామని. ఆ పాప అరవలేదు, గొడవ చెయ్యలేదు. షీట్‌ని చుట్ట చుట్టి, రబ్బర్ బ్యాండ్ వేసి, మళ్లీ సంచిలో పెట్టుకుంది. అంతే. ఆ రబ్బర్ బ్యాండ్ చప్పుడు నాకింకా గుర్తుంది.

బాబాయ్ గేటు దగ్గర నిలబడి అడిగిన ప్రతివాళ్లకీ డబ్బులు తిరిగిచ్చేశాడు. పాపకి, మామ్మకి ఆటో ఖర్చు కూడా ఇచ్చాడు. "మాది తప్పండీ, క్షమించండి" అని అందరికీ చెప్పాడు. "మావాడిది" అనలేదు, "మాది" అన్నాడు.

రాత్రి షట్టర్ వేశాక టీ తాగుతూ అన్నాడు. "నా చిన్నప్పుడు ప్రచారం రిక్షా వచ్చేదిరా. రెండు పక్కలా పోస్టర్లు, పైన మైకు, 'నేడే చూడండి' అంటూ. రంగు కాగితాల కోసం వెనకాలే పరిగెత్తేవాళ్లం. ఆడు ఎంత గొప్పలు పోయినా, చెప్పిన సినిమానే తెర మీద ఉండేది. నీ ఫోన్‌కి ఊరు లేదు. నాకుంది. రేపు పొద్దున్న ఈళ్ల మొహాలే నేను చూడాలి."

నాకు నిద్ర పట్టలేదు. వేరేవాళ్లు పైసా ఖర్చు లేకుండా జనాన్ని ఎలా రప్పించారా అని వెతకడం మొదలెట్టా.

1958లో అమెరికాలో విలియం కాజిల్ అనే దర్శకుడు ఒక నవల ఆధారంగా 'మకాబర్' తీశాడు. స్టార్లు లేరు, పబ్లిసిటీకి డబ్బుల్లేవు. ఏం చేశాడో తెలుసా? సినిమా చూస్తూ భయంతో ఎవరైనా పోతే వెయ్యి డాలర్లు ఇస్తామని లండన్‌లోని లాయిడ్స్‌తో ఇన్సూరెన్స్ చేయించి, ప్రేక్షకులకి సర్టిఫికెట్లు పంచాడు. 1960లో హిచ్‌కాక్ 'సైకో'కి ఇంకా చవకైన ఐడియా. అదీ రాబర్ట్ బ్లాక్ నవల నుంచి వచ్చిందే. షో మొదలయ్యాక ఎవర్నీ లోపలికి పంపకూడదు. అంతే రూల్. దానికి కావాల్సింది ఒక బోర్డు, ఒక గేట్‌మేన్. మన వర్మ గారు కూడా 2008లో 'ఫూంక్'ని థియేటర్లో ఒంటరిగా చూస్తే అయిదు లక్షలన్నారు.

అన్నీ గిమ్మిక్కులే. కానీ కాజిల్ కాగితం, హిచ్‌కాక్ తలుపు రెండూ ఆ సినిమా ఎలాంటిదో ముందే చెప్పేస్తాయి. భయం అమ్మారు, లోపల భయమే ఉంది. నేను గెస్ట్‌ని అమ్మాను, లోపల గెస్ట్ లేడు. తేడా అక్కడుంది.

మరి 'కొండపొలం' లోపల ఏముంది? ఒక పుస్తకం ఉంది. గొర్రెలున్నాయి.

సోమవారం నా కాపీ తీసుకెళ్లి లాబీలో బల్ల మీద పెట్టా. బ్యాంకులో పెన్నుకి కట్టినట్టు దారం కట్టి, పక్కన అట్ట మీద రాశా: "షో మొదలయ్యేదాకా చదవండి. తర్వాత ఏమైందో లోపల చూడండి." ఖర్చు దారం ఉండకి పది రూపాయలు.

మంగళవారం ఏటిగట్టు మీద గొర్రెలు కాసుకునే ఒక పెద్దాయన్ని బతిమాలా. "సినిమా మా గొర్రెల గురించా? ఆయ్, ఊరుకోండి బాబూ" అని నవ్వాడు. బాబాయ్ ఆయన కుటుంబానికి టికెట్లు ఫ్రీ అన్నాడు. సాయంత్రం ఆరింటి ఆటకి ముందు ఎనిమిది గొర్రెలతో గేటు ముందు నిలబడ్డాడు. అట్ట మీద ఒకటే ముక్క: "ఈ కథ వీళ్లది." పది నిమిషాల్లో గొర్రెలు దసరాకి గేటుకి కట్టిన అరటాకుల్ని సగం మేసేశాయి. జనం గుమిగూడారు. ఫోన్లు బయటికొచ్చాయి.

అసలు మజా ఆట వదిలాక. కొడుకు గొర్రెల్ని చూసుకుంటే పెద్దాయన లోపల కూర్చుని సినిమా మొత్తం చూశాడు. బయటికొచ్చాక కుర్రాళ్లు చుట్టూ మూగారు. "నిజంగా అలాగే ఉంటదా తాతా?" అని అడిగితే అరగంట చెప్పాడు. వానలో మంద ఎలా బెదురుతుందో, దారిలో ఈనితే పిల్లని భుజాన వేసుకుని ఎలా నడవాలో. ఏ ప్రెస్ మీట్‌లోనూ అంత శ్రద్ధగా విన్నవాళ్లని నేను చూడలేదు.

మిరాకిల్ ఏం జరగలేదు. బుధవారం ఫస్ట్ షోకి అరవై రెండు టికెట్లు తెగాయి. శుక్రవారం అదే ఆటకి ముప్పై ఎనిమిది. గురువారం సినిమా మార్చేశారు. బూస్ట్ డబ్బులు, తిరిగిచ్చిన టికెట్ డబ్బులు కలిపితే ఆ వారం నష్టమే. ఆ నష్టంలో ఎక్కువ భాగం నాది. తర్వాతి నెల జీతంలోంచి కట్టేశా. బాబాయ్ వద్దన్నాడు, నేను ఊరుకోలేదు.

ఇప్పుడు ఆఫీసులో ఎవరైనా "లాంచ్‌కి చిన్న టీజ్ పెడదాం, క్లారిటీ వద్దు" అంటే నాకు రబ్బర్ బ్యాండ్ చప్పుడు వినిపిస్తుంది. తలుపు లోపల ఉన్నదే తలుపు బయట చెప్పాలి. డబ్బుల్లేనివాడికి ఉన్న ఒకే పెట్టుబడి మాట. అదీ పోతే ఇంక బూస్ట్ చెయ్యడానికి ఏముంటుంది?

చివరగా ఒక విషయం. సినిమా మార్చిన రోజు పుస్తకం తెచ్చుకుందామని వెళ్లా. బల్ల మీద దారం ఉంది, పుస్తకం లేదు. ఎవరో శుభ్రంగా కోసుకుని పట్టుకెళ్లిపోయారు. నేను తిట్టుకుంటుంటే బాబాయ్ పడీ పడీ నవ్వాడు.

"పోనీలేరా. వారం మొత్తంలో నీ పబ్లిసిటీ నిజంగా పనిచేసింది అదొక్కటే."