ఆర్‌ఎంపీ అంటే ఎవరు?

పల్లెలో రాత్రిపూట ఒళ్ళు కాలిపోతుంటే ముందు కబురు వెళ్ళేది ఆర్‌ఎంపీకే. వచ్చి సూది వేస్తాడు, నీరసంగా ఉంటే సెలైన్ ఎక్కిస్తాడు, చేతిలో డబ్బు లేదంటే పంట చేతికొచ్చాక ఇమ్మంటాడు. ఆ మూడక్షరాల అర్థం రిజిస్టర్డ్ మెడికల్ ప్రాక్టీషనర్. ఆయన పేరు మాత్రం ఏ మెడికల్ కౌన్సిల్ రిజిస్టరులోనూ ఉండదు.

1971 నాటి గర్భస్రావ చట్టం ఆ పని చేసే అర్హత ఆర్‌ఎంపీకే ఇచ్చింది. అక్కడ ఆర్‌ఎంపీ అంటే వైద్య డిగ్రీ ఉండి, కౌన్సిల్‌లో నమోదై, ఆ పనిలో తగిన అనుభవమో శిక్షణో ఉన్న డాక్టరు. మన ఊళ్ళో ఆర్‌ఎంపీ అంటే ఆ పని పొరపాటున కూడా చేయకూడని మనిషి. చట్టం ఎవరికి అనుమతి ఇచ్చిందో, ఎవరిని వద్దందో ఇద్దరికీ ఒకటే పేరు! ఇంత తలకిందులైన మాట మన వాడుకలో ఇంకొకటి ఉందా అంటే అనుమానమే.

డిగ్రీ లేకపోయినా అనుభవం చూసి దేశీయ వైద్యులను నమోదు చేసుకున్న రోజులు ఒకప్పుడు ఉండేవి. ఆ రోజులు పోయాయి, పేరు మిగిలిపోయింది. పట్నంలో ఏ డాక్టరు దగ్గరో కాంపౌండరుగా కొన్నేళ్ళు చేసి, చూసి నేర్చుకుని, సొంత ఊరికి వచ్చి కుర్చీ వేసుకున్నవాళ్ళకు ఆ పేరే దొరికింది. వైద్యుడైన ముఖ్యమంత్రి రాజశేఖరరెడ్డి హయాంలో వీళ్ళకు శిక్షణ ఇచ్చి ‘కమ్యూనిటీ పారామెడిక్’ అని పిలవాలనుకున్నారు. ఆ పేరు కాగితం దాటలేదు. గది ముందు బోర్డు మీద ‘ప్రథమ చికిత్స కేంద్రం’ అని ఉంటుంది, లోపల మంచానికి సెలైన్ బాటిల్ వేలాడుతుంటుంది. 2019 జాతీయ వైద్య కమిషన్ చట్టం 34వ సెక్షన్ ప్రకారం నమోదు లేకుండా వైద్యం చేస్తే ఏడాది దాకా జైలు, 5 లక్షల దాకా జరిమానా, లేదా రెండూ.

మన పత్రికలు ఈ పేరును ఇంకా చిక్కు చేశాయి. ‘ఆర్‌ఎంపీ డాక్టర్’ అని ఒకరోజు, ‘నకిలీ డాక్టర్’ అని మరోరోజు. దొంగ సర్టిఫికెట్ గోడకు తగిలించినవాడూ, తాను డాక్టరునని ఎన్నడూ చెప్పుకోని ఊరి మనిషీ ఒకే శీర్షిక కింద పడిపోతున్నారు. 1996లో పూనమ్ వర్మ కేసులో సుప్రీంకోర్టు ముందుకొచ్చింది అల్లోపతి మందులిచ్చిన హోమియో డాక్టరు. ఆయనకు నిజమైన హోమియో డిప్లొమా ఉంది, రిజిస్ట్రేషనూ ఉంది. అయినా తనకు తెలియని పద్ధతిలో వైద్యం చేసేవాడు కుహనా వైద్యుడే అంది కోర్టు.

పేర్లు ఇలా చేతులు మారడం కొత్తేమీ కాదు. 1846లో మొదలైన హైదరాబాద్ మెడికల్ స్కూల్లో ఇంగ్లీషు వైద్యం చాలాకాలం ఉర్దూలోనే చెప్పారు. అక్కడ చదివి క్లోరోఫాం ఇవ్వడంలో పేరు తెచ్చుకున్న రూపాబాయి ఫర్దూన్జీ పుచ్చుకున్న పట్టా పేరు ‘హకీం’. నేడు ఆ మాట వింటే యునానీయే గుర్తొస్తుంది.

మంత్రసాని సంగతి వేరు. ఆ మాటను మనం వెక్కిరింతకూ వాడాం, సామెతల్లో ఈసడించాం. చాలా ఊళ్ళలో కాన్పులు చేసింది నాయీబ్రాహ్మణ కుటుంబాల ఆడవాళ్ళు, కురుపులు కోసి కట్టు కట్టింది ఆ ఇళ్ళ మగవాళ్ళు. లండన్‌లోనూ క్షురకులూ సర్జన్లూ 1745 దాకా ఒకే సంఘం. బ్రిటన్‌లో సర్జన్‌ను ఇప్పటికీ మిస్టర్ అనే పిలుస్తారు, అదే గొప్ప అనుకుంటారు. మన దగ్గర ఆ పనికి మిగిలింది కులం పేరు, దాని వెంట చిన్నచూపు.

ఆ ధోరణి నేటికీ పోలేదు. 2005లో వచ్చిన ‘ఆశ’ పేరు వినసొంపుగానే ఉంది. గర్భిణిని ఆసుపత్రికి తీసుకెళ్ళేదీ, టీకాల రోజున ఇల్లిల్లూ తిరిగేదీ ఆమే. కానీ సర్కారు లెక్కలో ఆమె ఉద్యోగి కాదు, కార్యకర్త. అందుకే జీతం కాదు, పారితోషికం. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పురస్కారం ఇచ్చింది, జీతం అనే మాట మాత్రం రాలేదు.

విలేకరులకూ కథకులకూ మా విన్నపం ఇదే. ‘ఆర్‌ఎంపీ డాక్టర్’ అని రాయకండి. డిగ్రీ లేని ఊరి వైద్యుడైతే అలాగే రాయండి. దొంగ పట్టా ఉంటే దొంగ పట్టా అని రాయండి. హోమియోనో ఆయుర్వేదమో చదివినవారైతే ఆ చదువు పేరు చెప్పండి. సూది వేసేది ఎవరో తెలుసుకునే హక్కు సూది వేయించుకునేవాడికి ఉంది.