ఫోన్‌కి ఫింగర్‌ప్రింట్ లాక్, స్క్రిప్ట్‌లో మాత్రం అడ్మిన్ పాస్‌వర్డ్!

ఫోన్ కొనేటప్పుడు మనం ఎన్ని ఆరాలు తీస్తామో తెలిసిందే కదా. ఫింగర్‌ప్రింట్ సెన్సార్ ఆప్టికలా, అల్ట్రాసోనికా? సెక్యూరిటీ అప్‌డేట్లు ఎన్నేళ్లు ఇస్తారు? అదే మనిషిని ఆఫీసులో సర్వర్ బ్యాకప్‌కి స్క్రిప్ట్ రాయమనండి. మూడో లైన్‌లో అడ్మిన్ పాస్‌వర్డ్ ఉన్నదున్నట్టు టైప్ చేసి సేవ్ కొట్టేస్తాడు. నేనూ కొట్టాను, అందుకే ఇంత ధైర్యంగా చెప్తున్నా.

నేను ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాది, మా టీమ్‌లో సర్వర్లు చూసుకునే ఒకాయన రిజైన్ చేశారు. ఐడీ కార్డు, ల్యాప్‌టాప్ తీసేసుకున్నారు. మెయిల్ ఆ సాయంత్రమే ఆపేశారు. డేటాబేస్ పాస్‌వర్డ్ మాత్రం మార్చలేదు. ఎందుకని మా సీనియర్‌ని అడిగితే, "అది ముట్టుకోకు తమ్ముడూ. ఏయే స్క్రిప్టుల్లో ఉందో ఎవరికీ తెలీదు. మారిస్తే రాత్రికి ఏది ఆగిపోతుందో చెప్పలేం" అన్నారు.

వెళ్లిపోయినాయన మంచివారే, ఆయన మీద నాకేం అనుమానం లేదు. కానీ "ముట్టుకోకు" అనే మాట ఉంది చూశారూ, నాకు అసలు సమస్య అక్కడే కనిపిస్తుంది. నా దృష్టిలో ఆటోమేషన్ స్క్రిప్ట్ సేఫా కాదా అనడానికి ఒకటే ప్రశ్న: ఈ సాయంత్రం ఆ పాస్‌వర్డ్ మార్చగలరా? మార్చలేమంటే, ఎంత పొడుగు పాస్‌వర్డ్ పెట్టినా, ఎన్ని సింబల్స్ కలిపినా లాభం లేదు. లీకైన రోజున కూడా మార్చలేరు కాబట్టి.

"మన ఇంటర్నల్ నెట్‌వర్కే కదా, ఎవరు చూస్తారు?" అనేవాళ్లు ప్రతి ఆఫీసులో ఉంటారు. వాళ్లకి నేను చెప్పే ఉదాహరణ ఉబర్. 2022 సెప్టెంబర్‌లో ఒక కాంట్రాక్టర్ అకౌంట్‌కి లాగిన్ అప్రూవల్ రిక్వెస్టులు పదే పదే పంపి, చివరికి ఒకదానికి ఓకే కొట్టించుకుని లోపలికి దూరారు. ఇంతవరకు ఉబర్ చెప్పిందే. ఆ తర్వాత నెట్‌వర్క్ షేర్‌లో ఒక పవర్‌షెల్ స్క్రిప్ట్ దొరికిందనీ, అందులో కంపెనీ పాస్‌వర్డ్లన్నీ దాచే సాఫ్ట్‌వేర్ తాలూకు అడ్మిన్ లాగిన్ ఉందనీ హ్యాకర్ చెప్పుకున్నాడు. లాకర్ కొని, దాని తాళంచెవి గుమ్మం పక్కన మేకుకి తగిలించినట్టన్నమాట.

అందుకే "వాల్ట్ సాఫ్ట్‌వేర్ కొనేద్దాం, అయిపోతుంది" అంటే నేను ఒప్పుకోను. వాల్ట్ మంచిదే, వద్దనట్లేదు. కానీ దాంట్లోకి వెళ్లే పాస్‌వర్డ్ మళ్లీ ఏదో స్క్రిప్ట్‌లో పెడితే కథ మొదటికొచ్చింది. డబ్బు ఖర్చు కాని పనులు ముందు చెయ్యండి. పాస్‌వర్డ్‌ని స్క్రిప్ట్ నుంచి తీసి వేరే ఫైల్‌లో పెట్టి, దానికి సీహెచ్‌మోడ్ 600 ఇవ్వండి. కమాండ్ లైన్‌లో నేరుగా రాయొద్దు, షెల్ హిస్టరీలో ఉండిపోతుంది. బ్యాకప్ స్క్రిప్ట్‌కి డేటాబేస్ చదివే పర్మిషన్ ఉంటే చాలు, టేబుల్స్ డిలీట్ చేసే హక్కు దానికెందుకు? ఎస్‌ఎస్‌హెచ్ కీ వాడుతుంటే, సర్వర్‌లోని ఆథరైజ్డ్ కీస్ ఫైల్‌లో ఆ కీతో ఫలానా కమాండ్ ఒక్కటే నడవాలని రాయొచ్చు. ఇది చాలామందికి తెలీదు. తెలిసినా బద్ధకం. ఇక గిట్‌లోకి పాస్‌వర్డ్ పొరపాటున వెళ్తే, తర్వాతి కమిట్‌లో తీసేస్తే సరిపోదు, పాత కమిట్‌లో భద్రంగా ఉంటుంది. మార్చడం తప్ప వేరే దారి లేదు.

పాస్‌వర్డ్ లేని స్క్రిప్ట్ కూడా కొంప ముంచగలదు. రూట్ పేరు మీద క్రాన్‌లో రోజూ నడిచే స్క్రిప్ట్ ఉందనుకోండి. ఎప్పుడో "పర్మిషన్ డినైడ్" వచ్చిందని ఎవరో దానికి సీహెచ్‌మోడ్ 777 కొట్టారు. ఇప్పుడు ఆ మెషీన్‌లో లాగిన్ ఉన్న ఏ యూజరైనా అందులో ఒక లైన్ చేర్చొచ్చు. రాత్రి 2 గంటలకి రూట్ స్వయంగా ఆ లైన్‌ని నడిపిస్తుంది. హ్యాకర్ మేలుకుని ఉండక్కర్లేదు కూడా.

ఇంకోటి, నెట్‌లో దొరికిన ఇన్‌స్టాల్ కమాండ్‌ని కాపీ చేసి, కర్ల్‌తో దించి, చదవకుండా నేరుగా బ్యాష్‌కి ఇచ్చేయడం. రాస్ప్‌బెర్రీ పైలో, టెర్మక్స్‌లో ఆడుకునే మనందరి అలవాటే ఇది. 2021లో కోడ్‌కవ్ అనే కంపెనీ బ్యాష్ అప్‌లోడర్ స్క్రిప్ట్‌ని దాడి చేసినవాళ్లు జనవరి 31 నుంచి మార్చి పెట్టారు. దాన్ని నడిపిన సిస్టమ్స్‌లోని ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్, అంటే టోకెన్లూ పాస్‌వర్డ్లూ దాచుకునే చోటు, బయటి సర్వర్‌కి వెళ్లిపోయాయి. కంపెనీకి ఏప్రిల్ 1న గానీ తెలీలేదు. అదీ ఎలా? దించుకున్న స్క్రిప్ట్ హ్యాష్, గిట్‌హబ్‌లో ఉన్న హ్యాష్‌తో కలవట్లేదని ఒక కస్టమర్ గమనించి చెప్తే. రెండు నెలల్లో ఆ ఒక్కరు సరిచూసుకున్నారు. ఆ ఒక్కరిలో నేనుండేవాణ్ణి కాదని నాకు బాగా తెలుసు.

మా ఆఫీసు కథకొస్తే, చివరికి మేనేజర్‌ని ఒప్పించి ఒక శనివారం పొద్దున కూర్చున్నాం. సర్వర్లన్నీ గ్రెప్ కొడితే ఆ పాస్‌వర్డ్ 11 స్క్రిప్టుల్లో బయటపడింది. మూడింటిని ఎవరు రాశారో కూడా తెలీదు. ఒక్కోదానికి వేరే యూజర్, దానికి కావాల్సినంత పర్మిషన్ ఇచ్చి, మధ్యాహ్నం భోజనం ముందు పాత పాస్‌వర్డ్ మార్చేశాం. సీనియర్ సాయంత్రం దాకా ఫోన్ చేతిలోనే పట్టుకుని కూర్చున్నారు. రెండు స్క్రిప్టులు ఆగిపోయాయి. ఒకదాన్ని పది నిమిషాల్లో సరిచేశాం. రెండోది రోజూ ఎవరికో మెయిల్‌లో రిపోర్ట్ పంపేది. అది రావట్లేదని ఇప్పటిదాకా ఒక్కరూ అడగలేదు.