కొనుటకు ముందు: చవుకయైన రైఫిలు



ఈ శీర్షిక క్రింద కుట్టుయంత్రమును గూర్చి వ్రాసితిని, పిండిమరను గూర్చి వ్రాసితిని. తుపాకిని గూర్చి వ్రాయవలసి వచ్చునని మాత్ర మెన్నడు ననుకొనలేదు. అమెరికాలోని టెక్సాసు రాష్ట్రమున కాపురముండు మన తెలుగు సోదరి యొకతె వ్రాసిన జాబు ఇందులకు కారణము. ఆమెకు గురిచూచి కాల్చుటయం దభిరుచి కలిగినది. చలికాలమున పొరుగువారితో కలసి జింకలవేటకు పోవలెననియు నున్నది. భర్తగారు, "కొనుము, కాని చవుకగా కొనుము" అనిరట. మిత్రు డొకడు, "పెద్ద తూటా గలదే కొనవలెను" అని బోధించెనట. ఇంట ఎనిమిదేండ్ల బాలుడు కలడు. ఏది కొనదగునో తెలుపుమని యామె కోరిక.

వేట యన్నమాట వినినంతనే మనలో ననేకులు చెవులు మూసికొందురు. మన దేశమున 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టమును 1991లో సవరించిన పిమ్మట వినోదమునకై వేటాడుట నిషిద్ధము. టెక్సాసులో నట్లుగాదు. అచ్చట తెల్లతోక జింకలు విస్తారముగా నున్నవి. ఋతువును, లైసెన్సును, జంతువుల సంఖ్యను ప్రభుత్వమే నిర్ణయించి వేట సాగనిచ్చుచున్నది. కావున ఆ సోదరి కోరినది అచ్చటి ధర్మమునకు విరుద్ధము కాదు.

ఐనను ధర విచారించుటకు ముందు అర్హత విచారింపవలెను. అమెరికా సమాఖ్య చట్టము ననుసరించి, ఉద్యోగవీసా, విద్యార్థివీసా వంటి తాత్కాలిక వీసాపై వచ్చినవారు తుపాకి కలిగియుండుటయే నేరము. చెల్లుబాటులో నున్న వేటలైసెన్సు గలవారికి మినహాయింపు కలదు. స్థిరనివాస పత్రము గలవారి కీ యడ్డంకి లేదు. తుపాకి నేరము రుజువైనచో దేశమునుండి పంపివేయుటకును అది హేతువగును. మన పిల్లలలో ననేకులు తాత్కాలిక వీసాలపైననే యచ్చట నున్నారు గనుక, తెలిసిన న్యాయవాది నడిగిన పిదపనే దుకాణపు గడప త్రొక్కవలెను. మరియు టెక్సాసులో 1971 సెప్టెంబరు 2వ తేదీన గాని తరువాత గాని జన్మించినవారు వేటవిద్య పాఠము ముగింపవలెనని నియమము. ఆ పాఠము నొక భారముగా నెంచక, తుపాకి కొనకముందే ముగించుట మేలు.

ఇక వస్తువును గూర్చి. బోల్టు రైఫిలనగా తలుపు గడియవంటి యమరిక గల తుపాకి. పిడి నెత్తి వెనుకకు లాగినచో కాలిన తూటా గుల్ల వెలుపల పడును; ముందునకు త్రోసి దించినచో క్రొత్త తూటా లోపల కూర్చుండి గడియ పడును. జర్మనీదేశపు మౌజరు 1898లో స్థిరపరచిన పద్ధతియే నేటికిని అనేక రైఫిళ్లకు మాతృక. భాగములు తక్కువ, కాన చెడుటయు తక్కువ, శుభ్రము చేయుటయు సుళువు. ఒక్కొక్కమారు కాల్చిన పిదప చేతితో గడియ త్రిప్పవలసియుండుటచే, క్రొత్తగా నేర్చుకొనువారికి తొందర తగ్గి నిదానము అలవడును.

పూర్వము చవుక రైఫిలు గురి తప్పునని చెప్పుకొనెడివారు. ఇప్పు డా మాట చెల్లదు. గొట్టములు చేయు యంత్రములు మెరుగైనవి. 2002లో సావేజ్ సంస్థ, కొన్నవారే బరువు సవరించుకొనదగిన మీటను ప్రవేశపెట్టగా, ఇతరులును ఆ బాట పట్టిరి. నేడు రూగర్ అమెరికన్, సావేజ్ యాక్సిస్, మాస్‌బర్గ్ పేట్రియట్ అనునవి ఐదువందల డాలర్లకు అటునిటుగా దొరకును. తగిన తూటా నెన్నుకొన్నచో ఇట్టివి నూరు గజముల దూరమున మూడు గుండ్లను అంగుళమున్నర వెడల్పులో కూర్చగలవు. జింక గుండెయు ఊపిరితిత్తులును గల తావు ఇంచుమించు ఎనిమిదంగుళముల పళ్లెమంత యుండును. కావున వేయి డాలర్లు అధికముగా పెట్టి అరయంగుళపు గురి కొనుటవలన మనకు కలుగు లాభము స్వల్పము. తప్పు తుపాకియందుకంటె కాల్చువారి చేతియందే యెక్కువగా నుండును.

అందుచేత నా సలహా యిది: ధరలో చవుకదనము చూడవచ్చును గాని, ఒడలికి కుదురుటలో చూడరాదు. సామాన్యముగా రైఫిళ్లు పురుషుల బాహువుల కొలతకు చేయబడినవి. మడమ చివరనుండి మీటవరకు దూరము వానిలో పదుమూడున్నర యంగుళములకు పైగా నుండును. పొట్టివారికి ఇది పొడవగును. మెడ చాచి, నడుము వెనుకకు వంచి కాల్చవలసివచ్చును. పన్నెండున్నర యంగుళముల కొలతతో 'కంపాక్ట్' అను పొట్టిరకములు అదే ధరకు దొరకును. అంగడివానిచే గడియ తెరిపించి, లోపల తూటా లేదని కంటితోను వ్రేలితోను రూఢి చేసికొని, నిరపాయమైన దిక్కునకు త్రిప్పి, కన్నులు మూసి భుజమున కాన్చుకొనుడు. కన్నులు తెరచినప్పుడు దుర్భిణి నడుమ చూపు నిలిచినచో అది మీది. మెడ కదలింపవలసివచ్చినచో అది వేరొకరిది. భుజమునుండి దింపకయే గడియ త్రిప్పగలరేమో చూడుడు. గొట్టమునకును దాని క్రింది దిమ్మకును నడుమ నొక కాగితపు ముక్కను జరుపుడు. అడ్డు లేక సాగవలెను. దిమ్మ గొట్టమునకు తగిలినచో గురి మారుచుండును.

పిదప తూటా. మిత్రుడు చెప్పిన పెద్ద తూటా మాట మరచిపొండు. 1906 నాటి సైనికపు తూటాయైన .30-06 నేటికిని ప్రసిద్ధమే. కాని 1955లో వెలువడిన.243 వించెస్టరు తన్ను దాని తన్నులో ఇంచుమించు సగమే. తెల్లతోక జింకకు .243 చాలును. 2007లో వచ్చిన 6.5 క్రీడ్‌మూర్ కొంచెము బలమైనది, దూరపు గురికిని అనుకూలమైనది. గట్టిగా తన్ను తుపాకిని కాల్చువారు మీట నొక్కుటకు ముందే ఉలికిపడుట నేర్చుకొందురు. ఉలికిన గుండు జింక కడుపున తగులును. గాయపడిన ప్రాణి పొదలలో పడి రాత్రియంతయు బాధపడి చచ్చుటకంటె పాపమేమున్నది? వేటకు పోవువారి మొదటి ధర్మము ఒక్కదెబ్బతో ప్రాణము తీయుట. అది చేతగానప్పుడు కాల్చకుండుట.

వేట తూటా యొక్కటికి డాలరు, అంతకు పైగాను వ్యయమగును. కావున అభ్యాసమునకు .22 రైఫిలు నెరవు తెచ్చుకొనుడు, లేదా తరువాత కొనుడు. దాని తూటా ధర అందులో పదవవంతు మాత్రమే, తన్ను లేనట్లే. దానితో జింకను వేటాడుట మాత్రము టెక్సాసు చట్టమున నిషిద్ధము. ఈ చిన్న తూటాను తేలికగా నెంచవలదు. 2010లో మ్యూనిచ్ నగరమున మహారాష్ట్ర సోదరి తేజస్విని సావంత్ ప్రపంచవిజేత యైనది ఏబది మీటర్ల .22 రైఫిలు పోటీలోనే. వేటకు పోవునాటికి, వేట రైఫిలుతో వరుసగా ఐదు గుండ్లు ఎనిమిదంగుళముల కాగితపు పళ్లెమున పడు దూర మెంతయో చూచుకొనుడు. అదియే మీ వేటదూరము; అంతకు ఒక్క గజమైన మించరాదు.

మిగిలిన సొమ్ము దుర్భిణికిని, చెవుల రక్షణకును, ఇనుపపెట్టెకును పోవలెను. దుర్భిణి కన్నునకు మూడున్నర యంగుళములైన దూరముగా నుండవలెను; లేనిచో తన్నునప్పుడు కనుబొమ చీరును. రైఫిలు ధ్వని నూటనలువది డెసిబెళ్లను మించును. ఒక్కమారైనను చెవి కాపు లేక కాల్చుట వినికిడికి చేటు.

ఇనుపపెట్టె మాట కడపట చెప్పితిని గాని ముఖ్యము అదియే. పెట్టె కొనగల శక్తి లేనివారికి తుపాకి కొను శక్తియు లేదు. రైఫిలు ఒక పెట్టెలోను, తూటాలు తాళముగల వేరొక పెట్టెలోను ఉండవలెను. తాళపుచెవి ఎచ్చట నున్నదో బాలునికి తెలియదని తల్లి యనుకొనును. బాలునికి తెలియని చోటు ఇంట నుండదు. పిల్లలొక్కరే గాదు. అమెరికాలో తుపాకి మరణములలో సగమునకు మించి ఆత్మహత్యలే. ఇంట తుపాకి యున్నచో ఆ యపాయము పెరుగునని వైద్యపరిశోధనలు పలుమారులు తెలిపినవి. ఇంట నెవరైన మనోవ్యాకులతతో నున్నచో, ఈ సంవత్సరము కొనకుండుటయే వివేకము. లేదా రైఫిలును ఇంటివెలుపల భద్రమైన తావున నుంచవలెను.

సోదరీ! పెట్టె ముందు కొనుము. పాఠము పిమ్మట ముగింపుము. రైఫిలు కడపట తెమ్ము. పొట్టిరకపు .243 నీకు చాలును. మొదటి ఋతువున జింక దొరకకపోయినను విచారింపవలదు. సందేహము కలిగి మీటనుండి వ్రేలు తీసిన దినము వ్యర్థమైన దినము కాదు.