కొత్త సీట్లు ముందు గల్ఫ్ దారిలో వేయాలి

ఎకానమీ క్యాబిన్లను బాగుచేస్తున్నామని విమానయాన సంస్థలు కొన్నేళ్లుగా గట్టిగా ప్రచారం చేసుకుంటున్నాయి. కొత్త సీట్లు, సెల్‌ఫోన్ చార్జింగ్, మెరుగైన భోజనం, ప్రీమియం ఎకానమీ పేరుతో మరో తరగతి. ఇవన్నీ రావాల్సినవే. అయితే ఈ బాగు మొదట ఎవరికి అందాలో తేల్చే చోట జుక్కల్, మద్నూర్, బిచ్కుంద, పిట్లం ఊళ్ల గొంతు ఎక్కడా వినిపించడం లేదు. శంషాబాద్ నుంచి దుబాయి, షార్జా, దోహా, కువైట్, రియాద్, దమ్మాంలకు ఎగిరే విమానాల్లో వెనుక వరుసల దాకా కూర్చునేది ఈ ఊళ్ల మనుషులు. బాగుచేసిన సీటు, కడుపు నిండే భోజనం, అడగకుండా అందే మంచినీళ్లు, అర్థమయ్యే భాషలో ఒక మాట ముందుగా వారికే అందాలి. లండన్, న్యూయార్క్ దారుల వంతు ఆ తర్వాతే రావాలి.

మూడు రాష్ట్రాల కూడలిలో ఉన్న నియోజకవర్గం జుక్కల్. ఒక పక్క మహారాష్ట్ర, ఇంకో పక్క కర్ణాటక. సంతలో తెలుగు, మరాఠీ, కన్నడ, ఉర్దూ నాలుగూ వినిపిస్తాయి. మంజీర మీద 1931లో పూర్తయిన నిజాంసాగర్ ఇక్కడే ఉన్నా, ఆ నీటితో పచ్చబడ్డది ఎక్కువగా దిగువన ఉన్న బాన్సువాడ, బోధన్ పొలాలే. ఎగువ నల్లరేగళ్లలో పత్తి, సోయా, కంది వానను నమ్ముకునే పండాలి. వాన మొహం చాటేసిన ఏడు అప్పు మిగులుతుంది, ఆ అప్పు వీసా కాగితం వైపు నడిపిస్తుంది. బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి అని తెలంగాణ తన వలస చరిత్రను మూడు మాటల్లో చెప్పుకున్నది. పాత నిజామాబాద్ జిల్లాకు ఆ మూడో మాట తగిలినంత లోతుగా ఇంకేదీ తగల్లేదు. 2016 అక్టోబరులో కామారెడ్డి వేరు జిల్లా అయింది, ఊళ్ల పేర్ల ముందు జిల్లా పేరు మారింది. పాస్‌పోర్టు పట్టుకుని పోయేవారి వరస మాత్రం ఆగలేదు.

ఈ ప్రయాణికుడి ప్రయాణం విమానం మెట్ల దగ్గర మొదలుకాదు. గల్ఫ్ విమానాలు చాలావరకు రాత్రి పొద్దుపోయాకో తెల్లవారుజామునో ఎగురుతాయి. మూడు గంటల ముందే విమానాశ్రయంలో ఉండాలి. అంటే మధ్యాహ్నమే ఇల్లు వదిలి, 161వ జాతీయ రహదారి మీద సంగారెడ్డి చేరి, అక్కడి నుంచి ఔటర్ రింగు మీదుగా శంషాబాద్ రావాలి. సీట్లో కూర్చునేసరికే సగం రోజు గడిచిపోతుంది. తిరిగి చుట్టీ మీద వచ్చేటప్పుడు ఇంకా కష్టం. చివరి రోజు డ్యూటీ దిగి, క్యాంపు నుంచి బస్సులో విమానాశ్రయానికి, అక్కడ గంటల తరబడి వరసల్లో, ఆ తర్వాత నాలుగైదు గంటల పాటు గాలిలో. అలిసిన ఒంటికి ఆ నాలుగు గంటలు నిద్రపోయే వీలున్న సీటు కావాలి. మోకాళ్లు ముందు సీటుకు గుచ్చుకునే చోట నిద్ర పట్టదు.

ఆ మోకాళ్ల లెక్క సంస్థలకు బాగా తెలుసు. ఒక సీటు మీద ఒక గుర్తు పెట్టి, దాని ముందున్న సీటు మీద అదే గుర్తు వరకు కొలిచే దూరాన్ని పిచ్ అంటారు. ఒకప్పుడు ఎకానమీలో 31, 32 అంగుళాలు మామూలు. ఇప్పుడు చౌక విమానాల్లో 28, 29 అంగుళాలకు దిగింది. ముప్ఫై వరసల విమానంలో వరసకు రెండు అంగుళాలు కోసేస్తే అరవై అంగుళాలు మిగులుతాయి. 28 అంగుళాల చొప్పున చూస్తే అది రెండు వరసలు, పన్నెండు సీట్లు. ఆ పన్నెండు టికెట్ల డబ్బు ప్రతి ప్రయాణంలోనూ సంస్థకు చేరుతుంది. కోసిన అంగుళాలు మిగతా నూట ఎనభై మంది కాళ్ల నుంచి వచ్చినవి. అమెరికాలో సీటు కనీస కొలత ఎంతో తేల్చమని 2018లో అక్కడి కాంగ్రెస్ విమానయాన నియంత్రణ సంస్థను ఆదేశిస్తే, ఆ సంస్థ 2022లో ప్రజాభిప్రాయం తీసుకుని అక్కడే ఆగిపోయింది. బలమైన నియంత్రణ ఉన్న దేశంలోనే ఇలా ఉంటే, మనదగ్గర గట్టిగా అడగకపోతే ఒక్క అంగుళమూ తిరిగి రాదు.

ప్రీమియం ఎకానమీ ఈ కథలో రెండో అంకం. 1992లో తైవాన్‌కు చెందిన ఎవా ఎయిర్, బ్రిటన్‌కు చెందిన వర్జిన్ అట్లాంటిక్ దీన్ని తెచ్చాయి. మన దేశీయ సంస్థల్లో 2015లో విస్తారా మొదలుపెట్టింది. 2022 జనవరిలో ఎయిరిండియా టాటాల చేతికి తిరిగి వచ్చాక, పెద్ద విమానాల లోపలి భాగాన్ని పూర్తిగా మార్చడానికి 40 కోట్ల డాలర్ల పథకం ప్రకటించారు. చిన్న విమానాల్లో 27 ఏ320 నియోల మార్పు 2024లో మొదలైంది. మార్చిన ఒక్కో విమానంలో 8 బిజినెస్, 24 ప్రీమియం ఎకానమీ, 132 ఎకానమీ సీట్లు. ఏళ్ల తరబడి చిరిగిన సీట్లు, పనిచేయని తెరలు భరించిన ప్రయాణికులకు ఇది నిజమైన మేలు, దాన్ని తక్కువ చేయనవసరం లేదు. అయితే విమానం పొడవు పెరగదు. ఒక తరగతికి కాళ్లు చాపుకునే చోటు పెంచితే ఆ చోటు ఇంకెక్కడి నుంచో రావాలి. డబ్బు ఉన్నవాడికి ఎకానమీలోనే ఒక మెట్టు పైకి ఎక్కే దారి దొరికింది కాబట్టి, మెట్టు కింద ఉన్నవాడి ఫిర్యాదును పట్టించుకోవాల్సిన ఒత్తిడి సంస్థ మీద తగ్గింది. దాని బరువు మోసేది గల్ఫ్ కార్మికుడు. కౌంటరు దగ్గర అదనంగా కట్టి సీటు మార్చుకునే స్తోమత అతనికి ఉండదు.

కొత్త విమానాలను ఏ దారిలో నడుపుతున్నారో చూస్తే ఎవరిని ముందు పెట్టారో తెలుస్తుంది. 2024లో ఎయిరిండియా తన సరికొత్త ఏ350లను ఢిల్లీ నుంచి లండన్‌కు, న్యూయార్క్‌కు పెట్టింది. గల్ఫ్ కోసం మాత్రం 2005లోనే ఎయిరిండియా ఎక్స్‌ప్రెస్ అనే చౌక సంస్థను విడిగా పెట్టారు. టాటాల కన్నా ముందు, ప్రభుత్వం చేతిలో ఉన్నప్పుడే జరిగిన నిర్ణయమిది. కూలికి పోయేవాడికి చౌక విమానం, ఉద్యోగానికీ చదువుకీ పోయేవాడికి మంచి విమానం అన్న విభజన ఆనాడే పడింది. దేశానికి విదేశీ మారకం పంపేవారిలో ఈ కార్మికులు ముందు వరసలో ఉన్నారని ప్రతి ప్రవాసీ సభలో పొగుడుతారు. ఆ గౌరవం విమానంలో సీటు దాకా రావాలి.

టికెట్టు చౌక కాబట్టి సేవ తక్కువ ఉంటుందని, ఎక్కువ కావాలంటే ఎక్కువ కట్టాలని సంస్థలు వాదిస్తాయి. ఈ వాదన గల్ఫ్ కార్మికుడి విషయంలో నిలవదు. అతని టికెట్టును చాలాసార్లు అతను ఎంచుకోడు. పోయేటప్పుడు ఏజెంటు కొంటాడు, చుట్టీకి కంపెనీ కొంటుంది. ఇద్దరూ చూసేది ధర ఒక్కటే. భోజనం ఉందా, ఎన్ని కిలోల లగేజీ, మధ్యలో ఎక్కడ ఎన్ని గంటలు ఆగుతుంది అన్నవి అతనికి తెలిసేది కౌంటరు ముందు నిలబడ్డప్పుడే. ఏజెంటుకు కట్టే మొత్తంలో టికెట్టు ఖరీదు కలిసిపోయి ఉంటుంది కాబట్టి, తన సీటుకు ఎంత పడిందో కూడా అతనికి తెలియదు. ఎంచుకునే హక్కే లేనివాడితో నువ్వే చౌకది ఎంచుకున్నావు అనడం అన్యాయం.

పైగా ఆ టికెట్టు అన్నివేళలా చౌక కూడా కాదు. రంజాన్, దసరా, వేసవి సెలవుల్లో గల్ఫ్ ధరలు రెండింతలు, మూడింతలు అవుతాయి. 1994లో ఎయిర్ కార్పొరేషన్ల చట్టం రద్దయ్యాక ధరల నిర్ణయం సంస్థలదే. భారత్, దుబాయి మధ్య రెండు వైపుల సంస్థలు వారానికి చెరో 66 వేల సీట్లకు మించి నడపకూడదన్న ఒప్పందం పదేళ్లుగా అక్కడే ఉంది. పోయేవారు పెరిగినా సీట్లు పెరగకపోతే ధర పెరుగుతుంది, సేవ మీద పోటీ చచ్చిపోతుంది. దేశీయ సంస్థలను కాపాడాలన్న ఉద్దేశం ప్రభుత్వానికి ఉండవచ్చు. ఆ కాపుదల ఖర్చును జుక్కల్ కూలీ భరించడం సరికాదు. పరిమితిని పెంచాలి. పెంచే ముందు, పెరిగిన సీట్లు వాడుకునే సంస్థ స్వదేశీ అయినా విదేశీ అయినా సేవ విషయంలో కనీస హామీ రాసివ్వాలని షరతు పెట్టాలి. బేరం ఆడగలిగే సమయం అదే.

సేవ అంటే పట్టు తువాళ్లు, వెండి గిన్నెలు అని ఎవరూ అనడం లేదు. చౌక విమానాల్లో తిండి కొనుక్కోవాలి, అది కూడా చాలాచోట్ల కార్డుతోనే. మొదటిసారి పోయే కుర్రాడి జేబులో ఇంకా దిర్హాములు ఉండవు, కార్డు ఉండదు. ఉన్న రూపాయలు ఇంట్లో ఇచ్చి వచ్చి ఉంటాడు. మంచినీళ్లు అడిగితే ఇస్తారేమో, కానీ ఏ భాషలో అడగాలో తెలియక నాలుగు గంటలు గొంతెండి కూర్చునేవాళ్లు ఉన్నారు. బెల్టు ఎలా పెట్టుకోవాలో, ప్రమాదం జరిగితే ఏ తలుపు వైపు పోవాలో చెప్పే మాటలు ఇంగ్లీషులో, హిందీలో, అరబ్బీలో సాగిపోతాయి. అత్యవసరంలో తొంభై సెకన్లలో అందరూ బయటపడేలా విమానం ఉండాలన్నది ప్రపంచమంతా పాటించే ప్రమాణం. సగం మందికి అర్థం కాని భాషలో చెప్పి ఆ తొంభై సెకన్లు సాధించగలమా? శంషాబాద్ నుంచి ఎగిరే ప్రతి అంతర్జాతీయ విమానంలో భద్రతా ప్రకటన తెలుగులోనూ ఉండాలి. రికార్డు చేసి వినిపించడానికి అయ్యే ఖర్చు ఏపాటిది? గల్ఫ్ దారిలో తెలుగు వచ్చిన సిబ్బంది ఒక్కరైనా ఉండేలా డ్యూటీలు వేయడం కూడా అసాధ్యమేమీ కాదు.

జేఆర్‌డీ టాటా ఎయిరిండియా నడిపిన కాలంలో తాను చేసే ప్రతి ప్రయాణంలోనూ చిన్న చిన్న లోపాలు రాసుకుని అధికారులకు పంపేవారు. టీ రంగు నుంచి మరుగుదొడ్డి శుభ్రత దాకా ఆయన కంటపడేవి. పెద్ద మనసుతో చేసిన ఆ పని సంస్థకు ప్రపంచంలో పేరు తెచ్చింది. ఈ రోజు విమానయాన సంస్థల పెద్దలు ఏడాదికి ఒక్కసారి, ముందుగా చెప్పకుండా, గల్ఫ్ విమానంలో చివరి వరసలో కూర్చుని రావాలి. మరుగుదొడ్డి పక్కన ఆ నాలుగు గంటలు ఎలా ఉంటాయో వారికి ఏ సర్వే కన్నా బాగా తెలుస్తుంది.

2025 ఫిబ్రవరిలో భోపాల్ నుంచి ఢిల్లీ వెళ్తున్న ఎయిరిండియా విమానంలో కేంద్ర మంత్రి శివరాజ్ సింగ్ చౌహాన్‌కు విరిగి కుంగిపోయిన సీటు వచ్చింది. ఆయన ఆ సంగతి బయటపెట్టగానే సంస్థ క్షమాపణ చెప్పింది, పౌర విమానయాన మంత్రి కింజరాపు రామ్మోహన్ నాయుడు సంస్థతో మాట్లాడారు. చౌహాన్ అడిగింది న్యాయమైన ప్రశ్న. డబ్బు పూర్తిగా తీసుకుని చెడిపోయిన సీటు ఇవ్వడం తప్పు కాదా అన్నారు. అదే ప్రశ్న బిచ్కుంద కూలీ అడిగితే వినే చెవి ఎక్కడుంది? 2023 ఫిబ్రవరిలో మన విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ ఒక మంచి నిబంధన తెచ్చింది. పై తరగతి టికెట్టు కొన్నవారిని కింది తరగతికి దించితే, దేశీయ ప్రయాణంలో టికెట్టు ఖరీదులో 75 శాతం, అంతర్జాతీయంలో దూరాన్ని బట్టి 30 నుంచి 75 శాతం తిరిగి ఇవ్వాలి. ఎకానమీకి కింద ఇంకో తరగతి లేదు కాబట్టి, విరిగిన ఎకానమీ సీట్లో కూర్చున్నవాడు ఆ నిబంధన కిందికి రాడు. ఈ ఖాళీని పూడ్చాలి. సీటు వెనక్కి వాలకపోతే, బెల్టు, బల్ల పనిచేయకపోతే, కొనుక్కున్న భోజనం అందకపోతే, ఖరీదులో కొంత శాతం అడగకుండానే వాపసు రావాలి.

ఉన్న హక్కులు కూడా మనవాళ్లకు చేరడం లేదు. రెండున్నర నుంచి ఐదు గంటల ప్రయాణమైతే విమానం మూడు గంటలు ఆలస్యమైనప్పుడు తిండి, నీళ్లు ఉచితంగా ఇవ్వాలి. దుబాయి ప్రయాణం ఈ లెక్కలోకే వస్తుంది. రాత్రి ఎనిమిది నుంచి తెల్లవారుజామున మూడు మధ్య బయలుదేరాల్సిన విమానం ఆరు గంటలకు మించి ఆలస్యమైతే హోటల్ గది ఇవ్వాలి. గల్ఫ్ విమానాలు ఎక్కువగా ఆ వేళల్లోనే ఉంటాయి. అయినా విమానం ఆగిన రాత్రి సంచి తలకింద పెట్టుకుని నేల మీద పడుకునేవాళ్లు మన జిల్లాల మనుషులే. 2019 వినియోగదారుల చట్టం ప్రకారం ఫిర్యాదును తానుండే జిల్లాలోనే వేసుకోవచ్చు, 1915 నంబరుకు ఫోన్ చేసి తెలుగులోనే చెప్పుకోవచ్చు. ఈ ముక్కలు బోర్డింగ్ గేటు దగ్గర తెలుగులో పెద్ద అక్షరాలతో రాసి పెట్టాలని విమానాశ్రయాన్ని నడిపే జీఎమ్మార్‌ను, సంస్థలను రాష్ట్ర ప్రభుత్వం అడగాలి. 2024లో హైదరాబాద్ ప్రజాభవన్‌లో గల్ఫ్ బాధితుల కోసం ప్రవాసీ ప్రజావాణి మొదలైంది. వీసా మోసాలతో పాటు విమాన ప్రయాణపు ఫిర్యాదులనూ అక్కడ తీసుకోవాలి, బాన్సువాడ సబ్‌కలెక్టర్ కార్యాలయంలోనూ ఒక బల్ల పెట్టాలి.

పౌర విమానయాన శాఖ ఇప్పుడు తెలుగువాడి చేతిలో ఉంది. మంత్రి సొంత జిల్లా శ్రీకాకుళం కూడా వలసల జిల్లాయే. గల్ఫ్ దారి మీద ఎగిరే మనుషుల కష్టం రామ్మోహన్ నాయుడుకు ఎవరూ వివరించి చెప్పనక్కర్లేదు. 1934 నాటి చట్టం పోయి, భారతీయ వాయుయాన్ అధినియమ్ 2025 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. దాని కింద నిబంధనలు రాసే అధికారం ఆయన శాఖదే. టికెట్టు మీద ధర పక్కనే సీటు పిచ్ ఎన్ని అంగుళాలో, తిండి ఉందో లేదో, లగేజీ ఎన్ని కిలోలో తెలుగులో ముద్రించడం తప్పనిసరి చేయాలి. ఏజెంటు కొన్నా, కంపెనీ కొన్నా ఆ కాగితం ప్రయాణికుడి చేతికి రావాలి. నాలుగు గంటలకు మించిన ప్రతి ప్రయాణంలో టికెట్టు తరగతి ఏదైనా ఒక పూట భోజనం, నీళ్లు అందులోనే కలిసి ఉండాలి.

విమానాల వేసవి షెడ్యూలు మార్చి చివరి ఆదివారంతో, శీతాకాలపు షెడ్యూలు అక్టోబరు చివరి ఆదివారంతో మొదలవుతాయి. ఆ తేదీలకు ముందే ఏ విమానం ఏ దారిలో తిరగాలో సంస్థలు నిర్ణయించుకుంటాయి, డీజీసీఏ ఆమోదిస్తుంది. రాబోయే షెడ్యూలుకు ఆమోదం ఇచ్చే ముందు, బాగుచేసిన విమానాల్లో ఎన్నింటిని శంషాబాద్ నుంచి గల్ఫ్‌కు పెడుతున్నారో ప్రతి సంస్థ నుంచి రాతపూర్వకంగా తీసుకుని, ఆ జాబితాను ప్రజల ముందు పెట్టాలి.