పెడల్ మీద పాదం కుదిరిందా?

పెద్ద తెర, బలమైన గ్రాఫిక్స్ కార్డు, చేతికి ఇంపైన జాయ్‌స్టిక్. ఇంట్లో ఫ్లయిట్ సిమ్యులేటర్ పెట్టుకునేవారి జాబితాలో ముందుండేవి ఇవే. కాళ్ల వంతు వచ్చేసరికి డబ్బూ అయిపోతుంది, ఓపికా అయిపోతుంది. రడ్డర్ పెడల్స్‌ను కొని బల్ల కిందకు తోసేసి, అక్కడ ఎలా పడితే అలా కాళ్లు పెట్టుకుని ఎగరడం మొదలెడతారు. అరగంటకు మోకాళ్లు పీకుతాయి. వారానికి నడుము పట్టేస్తుంది. నెల తిరిగేసరికి పెడల్స్ అటకెక్కుతాయి. తప్పు పెడల్స్‌ది కాదు. వాటిని అమర్చిన తీరుది.

కాలి కింద మీట విలువ ఏమిటో బిలాస్‌పూర్ పక్కనున్న గతౌరా లాంటి రైల్వే ఊళ్లలో వేరే చెప్పనక్కర్లేదు. కోర్బా బొగ్గు మోసుకొచ్చే గూడ్సు బళ్లు రాత్రీ పగలూ సాగే మార్గమది. బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల నుంచి తెలుగు కుటుంబాలు వచ్చి స్థిరపడ్డ డివిజన్. కొత్త తరం విద్యుత్ ఇంజన్ల క్యాబిన్లలో పట్టాల మీద ఇసుక చల్లడానికి ఒక కాలి మీట ఉంటుంది. డ్రైవరు మెలకువగా ఉన్నాడని యంత్రానికి తెలియజెప్పడానికి మరొకటి. ఇంజన్‌లో సుమారు నిమిషం పాటు ఏ కదలికా లేకపోతే హెచ్చరిక మోగుతుంది. దానికీ స్పందించకపోతే బ్రేకులు వాటంతటవే పడతాయి. 2025 నవంబర్ 4న గతౌరా, బిలాస్‌పూర్ స్టేషన్ల మధ్య ఒక మెమూ రైలు ఆగివున్న గూడ్సు బండిని వెనక నుంచి ఢీకొని పదిమందికి పైగా చనిపోయారు. యంత్రం ముందు కూర్చునే మనిషి శిక్షణ, ఏకాగ్రత ఎంత విలువైనవో ఈ ప్రాంతానికి ఇంకెవరూ పాఠం చెప్పక్కర్లేదు.

విమానం మాటా ఇక్కడ ఇప్పుడు కొత్తది కాదు. 2021 మార్చి 1న బిలాస్‌పూర్ శివారు చకర్‌భఠా నుంచి ప్రయాణికుల విమానాలు మొదలయ్యాయి. వచ్చింది ఏటీఆర్ 72, అంటే రెక్కకో పంకా ఉన్న విమానం. పైలట్ కాళ్లకు పని పెట్టే జాతి. దాన్ని చూసి పైలట్ కావాలనుకునే రైల్వే క్వార్టర్స్ కుర్రాడికి వెంటనే అందుబాటులోకి వచ్చేది ఇంట్లోని కంప్యూటరే. అందుకే అతని కాళ్లు అక్కడ ఏం నేర్చుకుంటున్నాయన్నది చిన్న విషయం కాదు.

కాళ్లకు ఏం పని?

రడ్డర్ అంటే విమానం తోక మీద నిలువుగా ఉండే పలక. ఎడమ పెడల్ నొక్కితే ముక్కు ఎడమకు తిరుగుతుంది, కుడిది నొక్కితే కుడికి. కారు స్టీరింగ్‌లా విమానాన్ని మలుపు తిప్పేది ఇదేననుకుంటే పొరపాటు. మలుపు పని ప్రధానంగా రెక్కలను వాల్చడం వల్ల జరుగుతుంది. ఆ వాలులో ముక్కు వెనకబడకుండా సరిచూడటం, టేకాఫ్ పరుగులో పంకా ప్రభావానికి ఎడమకు లాగే చిన్న విమానాన్ని కుడి కాలితో నిలబెట్టడం, పక్కగాలిలో దిగేటప్పుడు ముక్కును రన్‌వేకు సూటిగా ఉంచడం రడ్డర్ పనులు. పెడల్స్ పైభాగాన్ని కాలివేళ్లతో నొక్కితే చక్రాల బ్రేకులు పడతాయి. అంటే ఒకే పాదం ఒకేసారి రెండు పనులు చేయాలి. మడమ నిలకడగా లేకపోతే ఆ రెండూ కలగాపులగమైపోతాయి. రడ్డర్ కదిపితే బ్రేకు పడుతుంది, బండి రన్‌వే మీద గిరగిరా తిరుగుతుంది.

సిమ్యులేటర్ చరిత్ర కూడా కాళ్లను మొదటి నుంచీ గుర్తుంచుకుంది. అమెరికాలో ఆర్గాన్ వాద్యాలు తయారు చేసే కుటుంబంలో పుట్టిన ఎడ్విన్ లింక్ 1929లో రూపొందించిన శిక్షణ యంత్రం గాలితిత్తులతో కదిలేది. అందులోనూ రడ్డర్ పెడల్స్ ఉండేవి. 1934లో టపా మోసే పనిలో సైనిక పైలట్లు వరుసగా చనిపోయాక అమెరికా సైన్యం ఆ యంత్రాలను కొన్నది. మన దగ్గర ఇండియన్ ఎయిర్‌లైన్స్ తన పైలట్ల శిక్షణ కేంద్రాన్ని హైదరాబాద్‌లో నెలకొల్పింది. తెలుగు నేలకు సిమ్యులేటర్ ఏనాటి నుంచో పరిచయమే. ఇంట్లోకి రావడమే ఆలస్యమైంది.

ముందు కుర్చీ, తర్వాతే పెడల్

అసలు విమానంలో పెడల్ ఎక్కడుందో వెతుక్కోవాల్సిన పని పైలట్‌కు ఉండదు. చిన్న సెస్నా 172లో సీటు పట్టాల మీద ముందుకూ వెనక్కూ జరుగుతుంది. బోయింగ్ 737లో పెడల్స్‌నే దగ్గరకూ దూరంగానూ జరుపుకొనే మర ఉంటుంది. ఇంట్లో ఈ రెండూ మనమే చేసుకోవాలి.

కొలత సులువే. వీపు కుర్చీకి పూర్తిగా ఆనించి కూర్చోవాలి. రెండు పెడల్స్ సమంగా ఉన్నప్పుడు మోకాలు లంబకోణం కంటే బాగా తెరుచుకుని ఉండాలి. ఒక పెడల్‌ను చివరిదాకా తొక్కినప్పుడు కూడా ఆ కాలు పూర్తిగా బిగుసుకుపోకూడదు. మోకాలిలో కాస్త వంపు మిగలాలి. తొక్కడానికి నడుము ముందుకు జారుతోందంటే పెడల్స్ దూరంగా ఉన్నట్టు. మోకాళ్లు బల్లకు తగులుతున్నాయంటే మరీ దగ్గరున్నట్టు, లేదా కుర్చీ ఎత్తు ఎక్కువైనట్టు. తొడ కింది భాగాన్ని కుర్చీ అంచు నొక్కుతుంటే పాదాలు తిమ్మిరెక్కుతాయి. ఎత్తు తగ్గించాలి, అది కుదరకపోతే పెడల్స్ కింద చెక్క పలక వేయాలి.

పెడల్స్ మధ్యరేఖ, కుర్చీ మధ్యరేఖ, తెర మధ్యరేఖ ఒకే వరుసలో ఉండాలి. బల్ల కింద సీపీయూ డబ్బా అడ్డొచ్చిందని పెడల్స్‌ను పక్కకు జరిపితే, నడుము గంటల తరబడి మెలితిరిగి ఉంటుంది. జరగాల్సింది డబ్బా.

మన ఇళ్లలో అసలు చిక్కు నేల. నున్నటి టైల్స్ మీద పెడల్స్ ముందుకు జారతాయి. చక్రాల కుర్చీ వెనక్కు పరుగెడుతుంది. ఒక్క కాలితో గట్టిగా తొక్కితే తిరుగుడు కుర్చీ మనిషిని పక్కకు తిప్పేస్తుంది. ఇదేమీ నవ్వుకునే విషయం కాదు. సెస్నా విమానాల్లో టేకాఫ్ సమయంలో సీటు పట్టం మీద వెనక్కు జారి, పైలట్‌కు పెడల్స్ అందక ప్రమాదాలు జరిగాయి. 1987లో అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఆ సీటు పట్టాలను తనిఖీ చేసి తీరాలని ఆదేశించింది. ఇంట్లో పరిష్కారం ఒక వడ్రంగి పూట పని. దళసరి ప్లైవుడ్ పలక ఒకటి తీసుకుని ముందు భాగంలో పెడల్స్‌ను మరలతో బిగించాలి. వెనక భాగంలో కుర్చీ కాళ్లు పడేలా చూసుకుని వాటి ముందూ వెనకా చెక్కముక్కలు కొట్టాలి. కుర్చీ పెడల్స్‌ను పట్టుకుంటుంది, పెడల్స్ కుర్చీని పట్టుకుంటాయి. కాలితో ఎంత తొక్కినా రెండూ కదలవు. అద్దె ఇంట్లో నేలకు రంధ్రం పడదు, ఆట అయ్యాక పలకను గోడకు ఆనించేయొచ్చు. చక్రాల కుర్చీ కంటే నాలుగు కాళ్ల చెక్క కుర్చీ ఈ పనికి మేలు.

ఏది కొనాలి?

ధరలు సుమారుగా పది పన్నెండు వేల రూపాయల దగ్గర మొదలై అర లక్ష దాటిపోతాయి. థ్రస్ట్‌మాస్టర్ టీఎఫ్ఆర్‌పీ తరహా ప్రారంభ స్థాయి పెడల్స్ తేలికైనవి, కానీ రెండు పాదాల మధ్య ఎడం తక్కువ. పొడగరులకు మోకాళ్లు ఒకదానికొకటి రాసుకుంటాయి. లాజిటెక్ పెడల్స్‌లో బిగువు పెంచుకునే మర ఉంది. థ్రస్ట్‌మాస్టర్ టీపీఆర్‌లో పెడల్స్ లోలకంలా పైనుంచి వేలాడతాయి, కదలిక మెత్తగా ఉంటుంది. క్రొయేషియాలో తయారయ్యే క్రాస్‌విండ్ పెడల్స్‌కూ మంచి పేరుంది. ఎడం తక్కువైన వాటితోనే సరిపెట్టుకోవాల్సి వస్తే పెడల్ మీద బయటి వైపుకు కాస్త వెడల్పుగా చెక్క పలక బిగించుకుంటే పాదాలు దూరం జరుగుతాయి, తుంటి మీద ఒత్తిడి తగ్గుతుంది.

అంత ఖర్చు భరించలేనివారికి పిడి మెలితిప్పితే రడ్డర్ కదిలే జాయ్‌స్టిక్ చాలు. బాగా అమర్చని పెడల్స్ కంటే అది నయం. పాదరక్షల విషయంలోనూ పట్టింపు అక్కర్లేదు. వట్టి కాళ్లతోనో పలుచటి అట్టల బూట్లతోనో పెడల్ బిగువు బాగా తెలుస్తుంది. హవాయి చెప్పులు మాత్రం వద్దు, అంచు తట్టుకుంటుంది.

కాలికి తెలియని అబద్ధం

అమరిక కుదిరాక సాఫ్ట్‌వేర్ వంతు. ముందుగా కాలిబ్రేషన్ చేయాలి. కాళ్ల బరువుకే రడ్డర్ కదలకుండా మధ్యలో కొద్దిపాటి నిష్క్రియ భాగం ఉంచాలి. మొదట్లో సున్నితత్వం తగ్గించుకోవాలి. కంప్యూటరే రడ్డర్ చూసుకునే ఆటో రడ్డర్ సదుపాయాన్ని ఆపేయాలి. అది పనిచేస్తుంటే పెడల్స్ ఉన్నా లేనట్టే.

ఇక్కడే ఒక హెచ్చరిక అవసరం. 2001 నవంబర్ 12న న్యూయార్క్‌లో అమెరికన్ ఎయిర్‌లైన్స్ 587 విమానం టేకాఫ్ అయిన కొద్దిసేపటికే కూలింది. అందులోని 260 మంది, నేల మీద ఐదుగురు చనిపోయారు. ముందెళ్లిన విమానం రేపిన గాలి సుడిలో కుదుపు రాగానే సహ పైలట్ రడ్డర్ పెడల్స్‌ను అటూ ఇటూ చివరిదాకా తొక్కడంతో తోకే విరిగిపోయిందని దర్యాప్తు సంస్థ 2004లో తేల్చింది. ఆ ఎయిర్‌బస్ ఏ300-600లో వేగం పెరిగేకొద్దీ పెడల్ కదిలే దూరం తగ్గుతుంది. కొంచెం తొక్కినా రడ్డర్ చివరిదాకా వెళ్తుంది. అంతేకాదు, కుదుపుల నుంచి తేరుకోవడానికి సంస్థ సిమ్యులేటర్‌లో చేయించిన కసరత్తు కూడా పైలట్లకు రడ్డర్ వాడకంపై తప్పు అభిప్రాయం కలిగించి ఉండొచ్చని ఆ నివేదిక వేలెత్తి చూపింది. కోట్లు పెట్టి కట్టిన సిమ్యులేటరే కాలికి తప్పు నేర్పగలిగినప్పుడు, స్ప్రింగుల పెడల్ సంగతి చెప్పేదేముంది? ఇంటి పెడల్‌కు గాలి ఒత్తిడి తెలియదు. ఎంత వేగంలో తొక్కినా దాని బిగువు ఒక్కటే.

వాణిజ్య పైలట్ లైసెన్సుకు మన దేశంలో 200 గంటలు ఎగరాలి. ఇంట్లో ఎన్ని వేల గంటలు కూర్చున్నా అందులో ఒక్కటీ జమ కాదు. అయితే మొదటి రోజున శిక్షకుడు కుడి కాలు అంటే ఏ కాలో వెతుక్కోకుండా ఉండటం, టేకాఫ్ పరుగులో కాలు తనంతట తానే స్పందించడం ఇంట్లో అలవడే గుణాలే. గంటకు వేలల్లో రుసుము కట్టే కుటుంబానికి అవి డబ్బుతో సమానం. తప్పు అలవాట్లను మాన్పించడానికీ అదే రుసుము కట్టాలి. కాబట్టి కొత్త గ్రాఫిక్స్ కార్డుకు డబ్బు కూడబెట్టే ముందు ఒక ప్లైవుడ్ పలక, నాలుగు మరలు కొనడం మంచిది. దాని మీద గంటసేపు ఎగిరి లేచాక మోకాలు, నడుము గుర్తుకు రాకపోతే పెడల్స్ సరిగ్గా కుదిరినట్టే.